సీఏ-125 ఎందుకు రాశారో ముందు అడగండి

ఆడవాళ్ళ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లోంచి, అండాశయ క్యాన్సర్ కోసమని చేసే సీఏ-125 రక్తపరీక్షను తీసేయాలని నా అభిప్రాయం. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి, ఇంట్లో అండాశయ క్యాన్సర్ గాని రొమ్ము క్యాన్సర్ గాని వచ్చినవాళ్ళు లేని మనిషికి, ఆ పరీక్ష వల్ల మేలు జరగడం నేను చూడలేదు. కీడు జరగడం మాత్రం చాలాసార్లు చూశాను. నేను హైదరాబాదులో ఒక ల్యాబులో బయోకెమిస్ట్రీ సెక్షన్‌లో పనిచేస్తాను. ఈ పరీక్ష నడిపే మెషీన్ పక్కనే నా సీటు. పరీక్ష మీద నాకు చిన్నచూపు లేదు. జబ్బు ఉన్న మనిషికి, వేళకు చేస్తే, ఇంత పనికొచ్చే రక్తపరీక్షలు తక్కువ. అందుకే దాన్ని ఎవరికి పడితే వాళ్ళకు చేసి పంపుతుంటే బాధేస్తుంది.

ప్యాకేజీ రిపోర్టు చాలా పేజీలుంటుంది. విటమిన్ డి, థైరాయిడ్, కొలెస్ట్రాల్ అన్నీ అయ్యాక ఎక్కడో చివర ‘ట్యూమర్ మార్కర్’ అన్న మాట కింద ఒక్క లైను. పక్కన ‘35 లోపు’ అని నార్మల్ రేంజి. అంకె 35 దాటితే సాఫ్ట్‌వేరే దాన్ని నల్లగా, లావుగా అచ్చువేస్తుంది. ఆ పీడీఎఫ్ ముందుగా చేరేది డబ్బు కట్టినవాళ్ళకి. చాలా ఇళ్ళలో అది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల ఫోను. అమ్మానాన్నల కోసం అక్కణ్ణుంచే బుక్ చేస్తారు, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుంటారు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. మధ్యలో డాక్టరన్న మనిషే ఉండడు.

అలాగే మా వదిన కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. “అత్తా, అమ్మకి సీఏ-125 డెబ్భై ఒకటి వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్ళమంటావు?” వాడి గొంతు నిలబడటం లేదు. అప్పటికే ఇంటర్నెట్‌లో మూడో దశ, నాలుగో దశ దాకా చదివేశాడు. మా వదినకి అరవై దాటాయి. గుండె పంపింగ్ తక్కువగా ఉందని మందులు వాడుతోంది, సాయంత్రానికి కాళ్ళు వాస్తాయి. గుండె బలహీనమై ఒంట్లో నీరు చేరినవాళ్ళలో సీఏ-125 పెరుగుతుందని గుండె డాక్టర్లకు బాగా తెలుసు. కొన్నిచోట్ల దాన్ని గుండె జబ్బు తీవ్రతకు గుర్తుగా కూడా చూస్తారు. స్కానింగ్‌లో అండాశయాలు ఆ వయసుకి ఉండాల్సినట్టే చిన్నగా, శుభ్రంగా ఉన్నాయి. నీటి మాత్ర డోసు మార్చాక అంకె దిగింది. కానీ ఆ మధ్యలో ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ కుర్రాడు టికెట్ కూడా కొనేశాడు.

క్యాన్సర్ పరీక్ష అని పేరుపెట్టినదానికీ గుండెకీ ఏమిటి సంబంధం అని అడుగుతారు. అది తెలిస్తే చాలా వరకు భయం తగ్గుతుంది.

సీఏ-125 అనేది క్యాన్సర్ కణం మాత్రమే తయారుచేసే పదార్థం కాదు. మ్యూసిన్-16 అనే చాలా పెద్ద, చక్కెరలు అంటుకున్న ప్రోటీన్‌లో ఒక భాగం అది. పొట్ట లోపలి పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొర, గుండె చుట్టూ ఉన్న పొర, గర్భసంచి లోపలి పొర, ఫెలోపియన్ ట్యూబులు, వీటన్నిటికీ అది సహజంగానే ఉంటుంది. కంటి పైపొర మీద కూడా ఉంటుంది. ఈ పొరల్లో ఏది రేగినా, వాచినా, నీరు పట్టి సాగినా కొంత ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. నెలసరి రోజుల్లో పెరుగుతుంది. గర్భం వచ్చిన మొదటి నెలల్లో పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డలు), కటి భాగంలో ఇన్‌ఫెక్షన్, లివర్ పాడై పొట్టలో నీరు చేరడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, ఈమధ్యే జరిగిన పొట్ట ఆపరేషన్, అన్నిట్లోనూ పెరగొచ్చు. మేం మెషీన్‌లో కొలిచేది ఆ ప్రోటీన్ ఎంత ఉందన్నదే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మెషీన్‌కి తెలియదు.

35 అన్న గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని అందరూ ఆరోగ్యానికీ క్యాన్సర్‌కీ మధ్య సరిహద్దు అనుకుంటున్నారు. 1981లో అమెరికాలోని బోస్టన్‌లో రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ నాప్ బృందం అండాశయ క్యాన్సర్ కణాలను పట్టుకునే యాంటీబాడీ ఒకటి తయారుచేసింది. దాని పేరు ఓసీ125. దాని ఆధారంగా రక్తపరీక్ష రూపొందించి 1983లో ఫలితాలు అచ్చువేశారు. ఆరోగ్యంగా ఉన్న 888 మందిలో 35 దాటినవాళ్ళు ఒక శాతం. క్యాన్సర్ కాని ఇతర జబ్బులున్న 143 మందిలో 6 శాతం. అండాశయ క్యాన్సర్ ఉన్నట్టు ఆపరేషన్‌లో తేలిన 101 మందిలో 83 మంది, అంటే 82 శాతం. చూడగానే గొప్పగా ఉంటాయి ఈ అంకెలు. వాటిని ప్యాకేజీకి అన్వయించి చూస్తే సంగతి వేరు. ఏ బాధా లేని లక్షమంది ఆడవాళ్ళకు ఈ పరీక్ష చేశామనుకుందాం. ఒక శాతం అంటే వెయ్యిమంది రిపోర్టులు నల్ల అక్షరాల్లో వస్తాయి. మన దేశంలో ఏడాదిలో లక్షమంది ఆడవాళ్ళలో కొత్తగా అండాశయ క్యాన్సర్ బయటపడేది పదిమందికి లోపే. ఆ పదిమందీ పరీక్షకు దొరికారనే అనుకున్నా, వాళ్ళ కోసం వెయ్యి ఇళ్ళు వణకాలి.

ఆ పదిమందీ దొరకరు కూడా. ఆ 82 శాతంలో ఎక్కువమందికి జబ్బు అప్పటికే ముదిరింది. తొలిదశలో, అంటే జబ్బు ఇంకా అండాశయం దాటని దశలో, దాదాపు సగం మందిలో సీఏ-125 నార్మల్‌గానే ఉంటుంది. జిగురు లాంటి ద్రవం తయారుచేసే మ్యూసినస్ రకం క్యాన్సర్‌లో పెద్దగా పెరగకపోవచ్చు. చిన్న వయసు అమ్మాయిల్లో, అండంగా మారే కణాల నుంచి పుట్టే జెర్మ్ సెల్ గడ్డలకు చూసే మార్కర్లు పూర్తిగా వేరు. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ చూస్తారు. ముందే పట్టుకోవడానికి కొన్న పరీక్ష, ముందే పట్టుకోవాల్సిన చోటే జారిపోతోంది.

“అయినా నష్టమేముంది, ముందే తెలిస్తే మంచిదే కదా” అనేవాళ్ళతో నేను వాదిస్తూనే ఉంటాను. ఇది ఊహతో తేల్చాల్సిన మాట కాదు, లక్షలమంది మీద పరీక్షించి చూశారు. అమెరికాలో 55 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉన్న 78,216 మందిని తీసుకుని, సగంమందికి ఏటా సీఏ-125, స్కానింగ్ చేశారు. 2011లో వచ్చిన ఫలితం ఏమిటంటే, పరీక్షలు చేయించుకున్న వాళ్ళలో అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. క్యాన్సర్ లేకుండానే అనుమానం పడినవాళ్ళు 3,285 మంది. వాళ్ళలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది. ఆ ఆపరేషన్లలో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. లేని జబ్బు కోసం. బ్రిటన్‌లో ఇంకా పెద్ద అధ్యయనం, మెనోపాజ్ దాటిన రెండు లక్షలమందికి పైగా పాల్గొన్నారు. అక్కడ ఒక్క అంకె మీద ఆధారపడలేదు, ఏటా ఎలా మారుతోందో లెక్కగట్టే పద్ధతి వాడారు. జబ్బును కొంచెం ముందు దశలో పట్టగలిగారు కూడా. 2021లో చివరి ఫలితాలు వచ్చాయి. మరణాలు మాత్రం తగ్గలేదు. ఇంత జాగ్రత్తగా, ఇంతమంది నిపుణులు దగ్గరుండి చేస్తేనే మేలు తేలనప్పుడు, డాక్టరు లేకుండా ఏడాదికోసారి మనం చేసే ప్యాకేజీ ఎవరిని కాపాడుతుంది?

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళ శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. నలభై నిండకముందే తీయించుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. “ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది” అన్న ఒక్క మాట చాలు, ఆ ఇంట్లో ఇక చర్చ ఉండదు. నెలసరి ఎక్కువవుతోందని, ఫైబ్రాయిడ్ ఉందని వెళ్ళిన మనిషి చేతిలో సీఏ-125 యాభై రెండని రిపోర్టు ఉంటే ఆ మాటకి రుజువు దొరికినట్టే. ఫైబ్రాయిడ్ ఉన్నప్పుడు, అందులోనూ నెలసరి రోజుల్లో రక్తం ఇచ్చినప్పుడు, యాభై రెండు రావడంలో వింతేమీ లేదని ఆమెకి చెప్పేవాళ్ళు లేరు. నెలసరి అయిపోయాక ఇంకోసారి చూద్దాం అనేవాళ్ళూ తక్కువే. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ఒక్కసారిగా మెనోపాజ్ వస్తుంది. ఎముకలు, గుండె దాని భారం మోస్తాయి. ఒక రక్తపరీక్ష అంకె ఇంత దూరం తీసుకుపోగలదు.

టీబీ సంగతి విడిగా చెప్పాలి. పడమటి దేశాల వెబ్‌సైట్లలో చదివితే ఇది ఎక్కడో ఒక మూల ఒక్క ముక్కగా ఉంటుంది. మనకి అది రోజువారీ విషయం. కొన్నేళ్ళ కిందట మా ఊరివైపు నుంచి ఒకమ్మాయిని తీసుకొచ్చారు. పాతికేళ్ళ లోపు. మూడు నెలలుగా సన్నగిల్లిపోతోంది, పొట్ట మాత్రం పెరుగుతోంది, సాయంత్రాలు జ్వరం. స్కానింగ్‌లో పొట్ట నిండా నీరు, లోపలి కొవ్వు పొర మందంగా ఉంది. సీఏ-125 ఆరువందలు దాటింది. ముందు చూపించుకున్న చోట ముదిరిన క్యాన్సర్ అన్నారట. వాళ్ళ నాన్న అప్పటికే పొలం బేరం పెట్టాడు. అమ్మాయికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఇక్కడి డాక్టరమ్మ ఆ అంకెను పక్కనపెట్టి పొట్టలో నీరు తీసి పంపింది. అందులో క్యాన్సర్ కణాలు లేవు, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు నిండుగా ఉన్నాయి, టీబీలో పెరిగే ఏడీఏ అనే ఎంజైము బాగా ఎక్కువ వచ్చింది. చిన్న రంధ్రం చేసి లాపరోస్కోపీలో ముక్క తీస్తే టీబీ అని తేలింది. ఆరు నెలల మందులు, అవీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. నీరు పోయింది, మనిషి ఒళ్ళు చేసింది, సీఏ-125 నార్మల్‌కి వచ్చింది. పొట్ట టీబీలో ఈ అంకె వందల్లోకి వెళ్ళడం మామూలే. బయాప్సీ లేకుండా, నీరు పరీక్షించకుండా, సీఏ-125 చూసి క్యాన్సర్ అని ఎవరైనా ఖాయం చేస్తే ఆ మాటను అంగీకరించకండి. నీరు పరీక్షించారా, ముక్క తీశారా అని అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఇక ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడే చోట్లకు వస్తాను.

స్కానింగ్‌లో అండాశయం మీద గడ్డ కనిపించిన మనిషికి సీఏ-125 కావాలి. అప్పుడు ప్రశ్న స్పష్టంగా ఉంది. ఈ గడ్డ మామూలుదా, క్యాన్సర్ నిపుణుడు తీయాల్సిందా? 1990 నుంచి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. స్కానింగ్‌లో అనుమానించదగ్గ గుర్తులు ఏవీ లేకపోతే సున్నా, ఒకటుంటే 1, రెండు అంతకన్నా ఎక్కువుంటే 3. మెనోపాజ్ కానివాళ్ళకు 1, దాటినవాళ్ళకు 3. ఈ రెండిటినీ సీఏ-125 అంకెతో గుణిస్తారు. 200 దాటితే క్యాన్సర్ ఆసుపత్రికి పంపడం మంచిదని మొదటి సూచన. ఇప్పుడు చూడండి. ముప్పై ఏళ్ళ అమ్మాయికి గోడ పలచగా, నీళ్ళే ఉన్న సిస్టు, సీఏ-125 అరవై. లెక్క సున్నా. అరవై ఏళ్ళ ఆవిడకి రెండు వైపులా గట్టి గడ్డలు, అదే అరవై. లెక్క 540. అంకె ఒకటే, ఒకరిని ఇంటికి పంపొచ్చు, ఇంకొకరిని ఆలస్యం చేయకుండా ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి పంపాలి. ప్యాకేజీ రిపోర్టులో మెనోపాజ్ దాటిందో లేదో అన్న లెక్కా లేదు, ఆ స్కానింగూ లేదు.

జబ్బు ఉందని తేలి చికిత్స మొదలైనవాళ్ళకు ఈ పరీక్ష విలువ ఇంకా ఎక్కువ. 1983 నాటి అధ్యయనంలోనే, జబ్బు పెరిగినప్పుడు అంకె పెరగడం, తగ్గినప్పుడు తగ్గడం 45 సందర్భాల్లో 42 సార్లు కనిపించింది. నన్నడిగితే ఆ వ్యాసంలో అసలు సంగతి అదే. కీమో మొదలయ్యే ముందు పన్నెండువందలు ఉన్న అంకె రెండు సైకిళ్ళకి మూడువందలు, నాలుగో సైకిల్‌కి నలభై అయితే మందు పనిచేస్తోందని ధైర్యంగా చెప్పొచ్చు. మొదట్లో పెరగని మనిషికి తర్వాత దీన్ని చూడటం వల్ల పెద్దగా లాభం లేదు. అందుకే చికిత్సకు ముందు ఒకసారి చూసి పెట్టుకోవడం ముఖ్యం.

ఈ దశలో ఉన్నవాళ్ళకు మెషీన్ పక్కనున్న మనిషిగా కొన్ని మాటలు చెబుతాను. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోండి. ఒక కంపెనీ మెషీన్‌లో నలభై వచ్చిన శాంపిల్ ఇంకో కంపెనీ మెషీన్‌లో యాభై రావచ్చు, రెండూ తప్పు కాదు. డిస్కౌంటు ఉందని మధ్యలో ల్యాబు మారిస్తే లేని పెరుగుదల కనిపించి ప్రాణం తీస్తుంది. ఆపరేషన్ అయిన వారాల్లోనే చూసి కంగారుపడకండి. కోత వల్లే పొట్ట లోపలి పొర రేగి అంకె కొన్నాళ్ళు పెరిగి ఉంటుంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి. కీమో తర్వాత చాలామంది వాడతారు. కొన్ని రకాల మెషీన్లలో ఎక్కువ డోసు బయోటిన్ అంకెను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. పన్నెండు నుంచి పదిహేడయితే అది పెరుగుదల కింద లెక్క కాదు. నార్మల్‌కి వచ్చినవాళ్ళలో అంకె 35కి రెట్టింపు దాటాలి, వారం తర్వాత ఇంకోసారి చేసినా దాటే ఉండాలి, అప్పుడే జబ్బు తిరగబెట్టిందని అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కిస్తాయి. పన్నెండు పదిహేడైందని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళున్నారు. వాళ్ళకి ఈ ఒక్క వాక్యం ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఒకవేళ నిజంగానే రెట్టింపు దాటితే? ఇక్కడే అందరి నమ్మకానికీ ఎదురుపోయే ఫలితం ఒకటుంది. సీఏ-125 పెరగడానికీ, ఒంట్లో జబ్బు లక్షణాలు బయటపడటానికీ మధ్య సాధారణంగా కొన్ని నెలల ఎడం ఉంటుంది. ఆ ఎడంలోనే కీమో మొదలుపెడితే ఎక్కువకాలం బతుకుతారని అందరూ అనుకున్నారు. బ్రిటన్, యూరప్ వైద్యులు దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. మొదటి చికిత్స పూర్తయి అంతా బాగున్న 1,442 మందిని చేర్చుకున్నారు. అంకె రెట్టింపు దాటిన 529 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే చికిత్స. రెండో జట్టుకి, వాళ్ళ డాక్టర్లకి అంకె చెప్పనేలేదు, లక్షణాలు కనిపించాకే చికిత్స. మొదటి జట్టు కీమో దాదాపు ఐదు నెలలు ముందు మొదలైంది. బతికిన కాలం చూస్తే మధ్యస్థ విలువ మొదటి జట్టుకి 25.7 నెలలు, రెండో జట్టుకి 27.1 నెలలు. తేడా లేదనే అర్థం. ముందు మొదలుపెట్టినవాళ్ళకి మిగిలిందేమిటంటే, హాయిగా తిరిగే నెలలు తగ్గి కీమో నెలలు పెరగడం.

అప్పటికీ ఇప్పటికీ చికిత్స మారిందన్నది నిజమే. కొత్త మాత్రలు వచ్చాయి. జాగ్రత్తగా ఎంచిన కొందరిలో రెండోసారి ఆపరేషన్ ఆయుష్షు పెంచిందని 2021లో జర్మనీ వైద్యులు చూపించారు. అలాంటి ఆపరేషన్‌కి తగినవాళ్ళకి ముందే తెలియడం లాభమే కావచ్చు, ఆ వాదనను నేను కాదనను. కానీ అది డాక్టరు, రోగి కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట. చికిత్స అయిపోయి మూడు నెలలకోసారి రక్తమిచ్చే ప్రతి మనిషినీ మనం అడగాలి, నీకు ఈ అంకె తెలియడం కావాలా అని. కొందరికి తెలియకపోతే నిద్ర పట్టదు. కొందరికి తెలిసిన దగ్గర్నుంచి నిద్ర పట్టదు. మా ల్యాబుకి వచ్చే ఒకావిడ, రిటైరైన టీచరుగారు, డాక్టరుతో మాట్లాడుకుని ఆ పరీక్ష మానేశారు. చెకప్‌కి వెళ్తారు, పొట్ట చూపించుకుంటారు, అనుమానముంటే స్కానింగ్. కూతుళ్ళు ఒప్పుకోలేదట. “ఒళ్ళు నాది, నెలలు నావి” అన్నారట. ఆవిడ తీసుకున్న నిర్ణయం సరైన ఆధారాల మీద నిలబడినదే.

ఇంట్లో అమ్మకో అక్కకో అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన కుటుంబాలవాళ్ళు మాత్రం ఇంకో దారిలో వెళ్ళాలి. వాళ్ళు అడగాల్సింది ఏటా సీఏ-125 కాదు. జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళి, జబ్బు వచ్చిన మనిషికి, ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యుమార్పు ఉందేమో చూసే బీఆర్‌సీఏ పరీక్ష చేయించడం. ఆ మార్పు ఉందని తేలితే, పిల్లలు పుట్టాక సరైన వయసులో ట్యూబులు, అండాశయాలు తీయించుకోవడం వాళ్ళ ప్రాణం నిలుపుతుంది. ఏటా నార్మల్ వచ్చే రక్తపరీక్ష ఆ పని చేయలేదు.

నార్మల్ రిపోర్టు చూసి మోసపోవడం గురించి కూడా చెప్పాలి. నలభై అయిదు, యాభై దాటిన ఆడవాళ్ళు కడుపు ఉబ్బరమంటే గ్యాస్ అంటారు. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే అరగడం లేదంటారు. మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి వస్తోందంటే షుగరేమో అంటారు. గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి. పొత్తికడుపులో నొప్పి, ఉబ్బరం, త్వరగా కడుపు నిండిపోవడం, మాటిమాటికీ లేదా ఆగలేనంత తొందరగా మూత్రం రావడం, ఇవి ఈ ఏడాదిలోనే కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి ఉంటే అండాశయం గురించి ఆలోచించాలి. ఆరు నెలల కిందటి ప్యాకేజీలో సీఏ-125 పద్దెనిమిది వచ్చింది కదా అని ఊరుకోకూడదు. అలాంటి మనిషిని, సీఏ-125 రాయని డాక్టరునైనా అడిగి రాయించుకోమంటాను, గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళి అదే వారంలో పొత్తికడుపు స్కానింగ్ కూడా చేయించుకోమంటాను. ఆ స్కానింగ్‌లో గడ్డో నీరో కనిపిస్తే, రక్తంలో అంకె ఎంత వచ్చినా, నార్మల్ వచ్చినా, తర్వాతి అపాయింట్‌మెంట్ క్యాన్సర్ డాక్టరు దగ్గరే తీసుకోవాలి.